కొండ దారిలో ఎవరు ముందు నడవాలి?

ప్రశ్న: మా పెళ్లై ఇరవై ఎనిమిదేళ్లయింది. గ్రూపు టూరులో కాకుండా మేమిద్దరమే ఏదైనా కొండల దేశం చూసి రావాలని ఉంది. ఏ దేశం మంచిది? ఎంత ఖర్చవుతుంది?

దేశం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను: భూటాన్. ఖర్చు చివర్లో చెబుతాను, మరిచిపోకపోతే. అసలు మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మీ ఇద్దరిలో ఎవరు వేగంగా నడుస్తారు? అది తేలకుండా టికెట్లు కొనకండి.

నేను వేగంగా నడుస్తాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, బెంగళూరు చేసిన పని. ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాం. మా వీధిలో కాలిబాట అని పేరు పెట్టిన దాని మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవగలిగిన చోటు ఎక్కడైనా ఉంటే చూపించండి. మొదట ట్రాన్స్‌ఫార్మర్. దాటితే విరిగిన రాతిపలక, దాని కింద మురుగు. ఆ తర్వాత ఎవరో నిలిపి వెళ్లిన స్కూటర్, దాని పక్కన కొబ్బరిబోండాల బండి. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. అలా నడిచేటప్పుడు ఎవరో ఒకరు ముందుండాలి కదా, ఆ ఒకరు నేనయ్యాను. మా ఆవిడ ఈ వాదన ఒప్పుకోదు. పెళ్లిలో ఏడడుగులు నడిచినప్పుడే కొంగుముడి లాక్కుంటూ ముందుకు పోయానని, పురోహితుడు రెండుసార్లు ఆగమన్నాడని అంటుంది. అప్పటికి నేను బెంగళూరు చూడనేలేదు కాబట్టి ఇక్కడ నా వాదన కొంచెం బలహీనపడుతుంది.

ఇలాంటి ప్రశ్న ఎవరు అడిగినా స్విట్జర్లాండ్ అని చెప్పేవాళ్లు ఉంటారు. మా తోడల్లుడు వెళ్లొచ్చాడు. అక్కడ యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే చోటికి, 3,454 మీటర్ల ఎత్తుకు, రైలే తీసుకెళుతుంది. 1912 నుంచి తీసుకెళుతోంది, కొండ కడుపులోంచి సొరంగం తొలిచి మరీ. ఆ ఇంజనీర్లకు చేతులెత్తి దండం పెట్టవచ్చు. కానీ నలభై మందితో బస్సెక్కి, రైల్లో కూర్చుని పైకి చేరి, మంచు మీద ఫోటో దిగి, టూరు వాళ్లు పెట్టిన పప్పన్నం తిని కిందికి వస్తే ఆలుమగలకు ఒకరి గురించి ఒకరికి కొత్తగా ఏం తెలుస్తుంది? మేం తిరిగి వచ్చాక "భూటాన్ కూడా విదేశమేనా?" అని అడిగినవాడు కూడా ఆయనే. రోడ్డు మీద నడిచి దాటిన సరిహద్దు సరిహద్దే కాదట.

మేం వెళ్లింది 2023 నవంబరులో, నేను పదవీ విరమణ చేసిన ఆరు నెలలకు. మా అబ్బాయి కంప్యూటర్‌లో పెద్ద పట్టిక తయారుచేసి ఇచ్చాడు. ఎన్ని గంటలకు లేవాలో, ఎన్ని గంటలకు ఏ కొండను చూసి ఆనందించాలో అన్నీ అందులో ఉన్నాయి. బెంగళూరు నుంచి పశ్చిమ బెంగాల్‌లోని బాగ్డోగ్రాకు విమానం, అక్కడినుంచి తేయాకు తోటల మధ్యగా జైగావ్ దాకా టాక్సీ. జైగావ్ మనది. గేటు దాటితే ఫుంట్‌షోలింగ్, అది వాళ్లది. ఇవతల హారన్లు, రిక్షాలు, లారీలు, దుమ్ము. అవతల అడుగు పెట్టగానే మా ఆవిడ ఆగి, "ఎవరో రేడియో కట్టేసినట్టు లేదూ?" అంది.

మనకు వీసా అక్కర్లేదు, ప్రవేశ అనుమతి చాలు. అయితే పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి, ఆధార్ పనికిరాదు. మా ముందు వరుసలో ఉన్న కుటుంబం ఆధార్ కార్డులే తెచ్చుకుంది, వాళ్ల మొహాలు చూడలేకపోయాం. ఇంకో సంగతి: 2022 సెప్టెంబరులో, కరోనా తర్వాత తలుపులు తెరిచినప్పటి నుంచి మనవాళ్ల దగ్గర కూడా మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుం తీసుకుంటున్నారు. దీని మీద సణిగేవాళ్లు చాలామంది. నేనూ సణిగాను. ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు దగ్గరి నంది కొండకు వెళ్లి, కార్ల వరుసలో గంటన్నర కూర్చుని, సూర్యోదయాన్ని ముందు కారు అద్దంలో చూసి వచ్చినవాళ్లెవరూ ఆ తర్వాత సణగరు.

రాజధాని థింఫులో ట్రాఫిక్ దీపాలు లేవు. ఒకప్పుడు ఒకటి పెడితే జనానికి నచ్చక తీసేశారట. ముగ్గులు వేసినట్టు రంగులద్దిన చిన్న మంటపంలో తెల్ల చేతితొడుగుల పోలీసు నిలబడి, నాట్యం చేస్తున్నట్టు చేతులు ఊపుతుంటే బండ్లు వాటంతటవే ఆగుతున్నాయి. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో ఆయుష్షు కరిగించుకున్నవాళ్లం కదా, పావుగంట నోరు తెరుచుకుని చూశాం. తర్వాత నోర్జిన్ లామ్ అనే పెద్ద వీధి వెంట నడక మొదలుపెట్టాం. కాలిబాట వెడల్పుగా ఉంది, ఇద్దరు హాయిగా పక్కపక్కన నడవవచ్చు. పది నిమిషాల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ ఇరవై అడుగుల వెనక ఉంది. దగ్గరకు వచ్చి, "ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఏదండీ?" అంది.

తిండి విషయం చెప్పకుండా వదలలేను. అక్కడ మిరపకాయ కూరలో వేసేది కాదు, మిరపకాయే కూర. ఎమా అంటే మిరపకాయ, దత్షి అంటే జున్నులాంటి చీజ్. రెండూ కలిపి ఉడికించి ఎర్రబియ్యం అన్నంలో పెడతారు. మా ఆవిడది గుంటూరు వైపు. కారం విషయంలో ఇంకో దేశం పోటీకి రావడం ఆమెకు మొదట నచ్చలేదు. రెండు ముద్దలు తిని, "కారం ఉంది, ఒప్పుకుంటాను. పులుపేదీ?" అని సంచిలోంచి చింతకాయ పచ్చడి తీసి ఓ మూల కలుపుకుంది. వడ్డించిన అమ్మాయి అడిగి మరీ రుచి చూసింది. కళ్లు చిట్లించి నవ్వింది గాని రెండోసారి అడగలేదు.

దోచులా కనుమ 3,100 మీటర్ల ఎత్తు. అక్కడ 108 చిన్న స్తూపాలున్నాయి, 2003లో తిరుగుబాటుదారులతో జరిగిన పోరులో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం కట్టినవి. ఆకాశం శుభ్రంగా ఉంటే ఉత్తరాన మంచుకొండల వరుస కనిపిస్తుంది. మాకు కనిపించింది. అందులో గాంఖర్ పుయెన్సుమ్ అనే శిఖరం 7,570 మీటర్లు. ఇంతవరకూ ఎవరూ ఎక్కని శిఖరాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది అదే. దేవతలు ఉండే చోటని 2003 నుంచి పర్వతారోహణే నిషేధించారు. "చూస్తే చాలదా, పైకెక్కి తొక్కాలా?" అని మా ఆవిడ తీర్పు.

పునాఖాలో కోట రెండు నదుల మధ్య ఉంటుంది. ఒకటి ఫో ఛు, అంటే మగ నది. రెండోది మో ఛు, ఆడ నది. 1994లో ఎగువన మంచు సరస్సు గట్టు తెగి, మగ నది మీదుగా వరద వచ్చి కోటను కూడా దెబ్బతీసిందని గైడు చెప్పాడు. మా ఆవిడ నా వైపు చూసి, "ముందు ఉరికేవాళ్లతో ఇదే బాధ" అంది. గైడుకు తెలుగు రాదు కాబట్టి ఎందుకు నవ్విందో అతనికి అర్థం కాలేదు.

ఫోబ్జిఖా లోయలో నల్లమెడ కొంగలను చూశాం. టిబెట్ వైపు నుంచి చలికాలం గడపడానికి వస్తాయి. వాటి రెక్కలకు తగలకూడదని ఆ లోయలో కరెంటు తీగలను నేల కిందనుంచి వేశారు. మా వీధిలో తీగలు నా తలకే తగులుతుంటాయి, ఆ సంగతి ఇంకోసారి.

ఇప్పుడు అసలు కథ. చివరి రోజు పారోలో. తక్త్‌సాంగ్ మఠం ఫోటో మీరు చూసే ఉంటారు, కొండ గోడకు కందిరీగలు కట్టుకున్న గూడులా ఉంటుంది. బౌద్ధ గురువు పద్మసంభవుడు ఆడపులి వీపు మీద ఎగిరి వచ్చి అక్కడి గుహలో తపస్సు చేశాడని వాళ్ల నమ్మకం. గుడి కట్టింది 1692లో. 1998లో కాలిపోతే మళ్లీ అచ్చం అలాగే కట్టారు. దారి మొదలయ్యే చోటు దాదాపు 2,600 మీటర్ల ఎత్తు, పైన మఠం 3,120. బెంగళూరు వాళ్లం ఎప్పుడూ తొమ్మిది వందల మీటర్ల మీదే బతుకుతాం కదా, ఎత్తు మనకు అలవాటేనని ముందురోజు రాత్రి మా ఆవిడకు ధైర్యం చెప్పాను. ఆ లెక్క అక్కడ చెల్లలేదు, చెల్లకపోయింది నాకే.

ఆమె అలిపిరి నుంచి 3,550 మెట్లు మూడుసార్లు ఎక్కిన మనిషి. నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఆగదు. నేను వేగంగా నడుస్తాను, ఆగుతాను. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఈ తేడా నేనెప్పుడూ గమనించలేదు.

సగం దాకా గుర్రాలు ఉన్నాయి. గుర్రం మొహం చూసి, "మనకంటే అదే అలసిపోయింది పాపం, వద్దు" అంది. ఎనిమిదింటికి బయలుదేరాం. పైన్ చెట్లు, కొమ్మల నుంచి ముసలివాళ్ల గడ్డాల్లా వేలాడుతున్న బూడిదరంగు నాచు, కాలికింద ఎర్రదుమ్ము. గైడుకు హిందీ బాగా వచ్చు, టీవీ చూసి నేర్చుకున్నాడట. వాళ్ల జాతీయ క్రీడ విలువిద్య గురించి చెబుతుంటే నేను అతనితో పాటు నడిచాను. ఆమె వెనక వస్తోంది. అంటే, వస్తోందని అనుకున్నాను.

సగం దారిలో ఫలహారశాల ఉంది. అసలు దారి నుంచి కొంచెం పక్కకు తిరగాలి. మేం తిరిగాం. ఎదురుగా మఠం కనబడేలా బల్ల చూసుకుని మూడు టీలు చెప్పాం. నాదీ గైడుదీ తాగడం అయింది. ఆమె టీ మీద మీగడ కట్టింది. ఇరవై నిమిషాలు. నలభై నిమిషాలు. నా ఫోనులో అక్కడి సిమ్ ఉంది, ఆమె ఫోనులో లేదు. ఇద్దరి నీళ్ల సీసాలు, టికెట్లు నా సంచిలో. తినుబండారాలు, నా రక్తపోటు మాత్రలు ఆమె సంచిలో.

గైడు కిందికి పరుగెత్తాడు. నేను మలుపు దగ్గర నిలబడ్డాను. గుర్రాల అబ్బాయి ఒకడు విషయం కనుక్కుని సాయం చేద్దామని అడిగాడు: "అమ్మగారు ఏ రంగు బట్టలు వేసుకున్నారు?"

నాకు తెలియదు.

పొద్దున్నే ఒకే గదిలోంచి బయటికి వచ్చాం. ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నాం. ఏ రంగో తెలియదు. చీర కాదని తెలుసు. ఫోను తీసి పొద్దున నేను తీసిన ఫోటోలు వెతికాను. మఠం, మఠం, పొగమంచు, మళ్లీ మఠం. ఒకదాంట్లో అంచున సగం తెగిపోయి ఆమె ఉంది. ఎర్ర స్వెట్టరు, మా అబ్బాయి కాలేజీలో వేసుకుని వదిలేసినది.

గైడు వగరుస్తూ తిరిగి వచ్చి కింద లేరన్నాడు. లోయ వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. అప్పుడే పైనుంచి ఒక చిన్న పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని దిగుతోంది. రెండో చేతిలో ఏదో కొరుక్కుతింటోంది. చూస్తే బియ్యప్పిండి చెక్క. శనగపప్పు పలుకులు, నల్లబడిన కరివేపాకు ముక్క స్పష్టంగా కనబడుతున్నాయి. హిమాలయాల్లో ఆ ఎత్తున, కరివేపాకు వేసిన పప్పుచెక్క ఇంకెవరి సంచిలోంచి వస్తుంది?

జరిగింది ఇది. నేను ఫలహారశాల వైపు తిరిగినప్పుడు ఆమె ఒక మలుపు వెనక ఉంది. నేను తిరగడం చూడలేదు. నేరుగా పైకి పోయింది.

పైకి పరుగెత్తాను అని రాద్దామనుకున్నాను గాని అది అబద్ధం. ఇరవై అడుగులకు ఒకసారి ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే మళ్లీ ఇరవై అడుగులు వేశాను. మఠానికి ఎదురుగా, జెండాల తోరణాలు కట్టిన చోట, రాతి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన జపమాల తిప్పుతూ ఒక భూటాన్ ముసలమ్మ. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. మధ్యలో చెక్కల డబ్బా మూత తీసి ఉంది.

"ఎక్కడికి పోయారండీ?" అంది, నేను నోరు తెరిచేలోపే.

"నువ్వెక్కడికి పోయావు?"

"మీరు ముందున్నారని కదా వచ్చాను. ఎంత నడిచినా మీ వీపు కనబడదే! ఇవాళ మరీ వేగం పెంచారనుకుని నేనూ పెంచాను."

ముసలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, నా బట్టతల వైపు వేలు చూపించి, ఆ తర్వాత తన రెండు చేతులు వీపు వెనక కట్టుకుని చూపించింది. మా ఆవిడ తల ఊపింది. నేను ఎలా ఉంటానో, ఎలా నడుస్తానో సైగలతో ముందే అందరికీ చెప్పి వాకబు చేసిందన్నమాట. నేను నీళ్ల సీసా ఇచ్చాను, ఆమె మాత్ర ఇచ్చింది.

అక్కడినుంచి మఠానికి ఇంకా ఏడువందలకు పైగా మెట్లు ఉన్నాయి. ముందు దిగాలి, జలపాతం దగ్గర వంతెన దాటి మళ్లీ ఎక్కాలి. గైడు మర్యాదగా, కానీ గట్టిగా చెప్పాడు: కొండ మీద అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, మిగిలినవాళ్లు వాళ్ల వెనక. అప్పుడు ఎవరూ తప్పిపోరు, ఎవరికీ ఆయాసం రాదు. ఆమె ముందు నడిచింది. నేను వెనక. ఆమె దిగేటప్పుడు కుడిచేత్తో రాతిగోడను తాకుతూ దిగుతుందని, ఎక్కేటప్పుడు పెదవులు కదులుతుంటాయని (గోవిందనామాలు, బౌద్ధ మఠానికి వెళుతూ) అప్పుడే చూశాను. ఎడమ బూటు మడమ బయటివైపు బాగా అరిగిపోయి, అడుగు వేసినప్పుడల్లా పాదం ఓ పక్కకు ఒరుగుతోంది. ఈ ప్రయాణం కోసం కొత్త బూట్లు కొనుక్కున్నది నేను.

లోపలికి వెళ్లేముందు చెప్పులు, ఫోన్లు బయటే పెట్టాలి. వెన్న దీపాల వాసన, చల్లటి నేల. దాని గురించి ఎక్కువ చెప్పలేను. పైకి చేరేసరికి నా దృష్టి అంతా దిగేటప్పుడు ఆ మడమ ఎలా నిలుస్తుందన్న దాని మీదే ఉంది.

అందుకని నా సిద్ధాంతం ఏమిటంటే, ఇంట్లో ఎవరు నెమ్మదిగా నడుస్తారో వాళ్లే ఊళ్లో కూడా ముందుండాలి. అలా చేస్తే సగం గొడవలు తగ్గుతాయి. దీనికి ఆధారం నేనొక్కడినే, అయినా నాకు చాలు. మా తోడల్లుడికి చెబితే, రైలు ఉన్నచోట ఈ గొడవలేవీ ఉండవన్నాడు. ఇప్పుడు మా వీధిలో కూరగాయలకు వెళ్లేటప్పుడు ఆమే ముందు. విరిగిన పలక వస్తే ఆగి, నేను చూశానో లేదో చూసి మరీ దాటుతుంది. కొబ్బరిబోండాల అతను "ఏమి సార్, ఒంట్లో బాగాలేదా?" అని రెండుసార్లు అడిగాడు.

ఖర్చు అడిగారు కదా. లోపల ఆరు రాత్రులు ఉన్నాం, ఇద్దరి రుసుమే 14,400. విమానం, బండి, గైడు, గదులు అన్నీ కలిపి మాకు లక్షా అరవై వేల దాకా అయింది. వాళ్ల ఙుల్ట్రం, మన రూపాయి ఒకటే విలువ, లెక్కకు తిప్పలు లేవు. అక్కడి గడియారం మాత్రం మనకంటే అరగంట ముందు. నేను మొదటిరోజే నా గడియారం మార్చుకున్నాను. అబ్బాయి ఆఫీసుకు బయలుదేరే వేళ తెలియాలని ఆమె చివరిదాకా మార్చలేదు. నవంబరులో వెళ్లండి, ఆకాశం శుభ్రంగా ఉంటుంది. ఆమెకు కూడా కొత్త బూట్లు కొనండి, కనీసం నెల ముందు కొని ఇంట్లో వేసుకుని నడవమనండి. నీళ్ల సీసాలు రెండు, టికెట్లు రెండు, సిమ్‌లు రెండు, ఎవరివి వాళ్ల దగ్గరే. మాత్రలు మాత్రం ఆమె దగ్గరే ఉండనివ్వండి, నేనైతే రెండోరోజే ఎక్కడో పారేసేవాణ్ణి.